పావలా చెల్లకుండా పోయాక పిల్లల అంగడి ఏమైంది?

నలభై దాటిన నెల్లూరు వాళ్లు నలుగురు ఒకచోట చేరితే, మాట రొయ్యల రేటుతో మొదలైనా రాజకీయాలతో మొదలైనా, కాసేపటికి నిమ్మతొన మిఠాయిల దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఆ తర్వాత వేళ్లకు తొడుక్కుని తినే పచ్చ గొట్టాలు, సేమ్యా ఐసు, గోల్డ్ స్పాట్ కూల్‌డ్రింకు, రాత్రికి అద్దెకు తెచ్చుకున్న వీడియో డెక్కు, ఖాళీ క్యాసెట్‌లో పాటలు ఎక్కించే అంగడి. ఒకరు పేరు ఎత్తుతారు. ఇంకొకరు "అయ్యి ఇప్పుడు యాడ దొరకతాయి" అని నిట్టూరుస్తారు. మూడో ఆయన సెల్‌ఫోన్లను తిడతాడు. "ఆ రోజులే వేరబ్బా" అని నాలుగో ఆయన అనేసరికి అందరూ తలలూపుతారు, మాట అక్కడితో అయిపోతుంది.

ఆ చివరి మాటతోనే నాకు పేచీ. రోజులు వాటంతట అవే వేరు కావు. అంగట్లో సీసాలో ఉండే ఒక మిఠాయి కనబడకుండా పోయిందంటే దాని వెనక ఢిల్లీలో వెలువడిన నోటిఫికేషన్ ఉండొచ్చు, ఒక కంపెనీని ఇంకో కంపెనీ కొనేయడం ఉండొచ్చు, చెల్లకుండా పోయిన నాణెం ఉండొచ్చు. ఒక్కోదానిది ఒక్కో కారణం. అన్నిటినీ "కాలం మారింది" అనే ఒకే సంచిలో కుక్కేస్తే మనకు దొరికేది నిట్టూర్పే. విడదీసి చూస్తే మాత్రం అన్నిటినీ కలిపే సంగతి ఒకటి కనిపిస్తుంది. మన చిన్నప్పుడు పిల్లలు పెద్దవాళ్ల ప్రమేయం లేకుండా, సొంతంగా కొనుక్కునే ఒక చిన్న బజారు ఉండేది. వస్తువుల్లో చాలావరకు ఇప్పటికీ ఎక్కడో ఒకచోట ఉన్నాయి. ఆ బజారే లేదు.

ఒక నాణెం, ఒక వస్తువు

బడి గేటు పక్కన చెక్కలతో కొట్టిన బంకును గుర్తు చేసుకోండి. ముందు వరసలో గాజు సీసాలు, వాటిలో నిమ్మతొనలు, పిప్పరమెంట్లు, బెల్లం జీళ్లు. పైన తాడుకు వేలాడే బొరుగుల ముద్దలు, రబ్బరు బ్యాండ్లు, బెలూన్ల అట్ట. ఒక మూల బలపాలు, పెన్సిళ్లు. లోపల ఒక అవ్వో, వేరే పని చేయలేని ఒక పెద్దాయనో. ఆ వ్యాపారమంతా ఒకే లెక్క మీద నడిచేది. ఐదు పైసలు ఇస్తే ఒక నిమ్మతొన, పది పైసలు ఇస్తే గుప్పెడు గొట్టాలు, పావలా ఇస్తే పాలైసు. కూడికలు, తీసివేతలు, తిరిగి చిల్లర ఇవ్వడాలు ఏమీ లేవు. ఏడేళ్ల పిల్లకు కూడా బేరం మొత్తం అర్థమయ్యేది.

ఈ లెక్కకు ఆధారం నాణెం. 1957 ఏప్రిల్ 1న మన దేశంలోకి దశాంశ నాణేలు వచ్చాయి. అంతకుముందు రూపాయికి పదహారు అణాలు. కొత్త లెక్కలో అణా 6.25 పైసలైంది, రెండు అణాల బేడ 12.5 పైసలైంది. ఆ రెంటికీ సరిపోయే నాణెం లేదు కాబట్టి మెల్లగా మాయమైపోయాయి. నాలుగు అణాల పావలా మాత్రం అచ్చంగా 25 పైసల్లో ఇమిడిపోయింది. కాబట్టి అది ఇంకో రెండు తరాల పిల్లల చేతుల్లో తిరిగింది. చివరికి 2011 జూన్ 30తో 25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలన్నీ చెల్లవని ప్రభుత్వం తేల్చేసింది.

నిజానికి ఆ పని ధరలు అంతకు చాలా ముందే చేశాయి. ఆస్తి అమ్మినప్పుడు లాభం లెక్క కట్టడానికి ఆదాయపు పన్ను శాఖ ఒక ధరల సూచీ వాడుతుంది. అందులో 1981-82ను 100 అనుకుంటే 2016-17కి అది 1125 అయింది. ఆ లెక్కన 1981 నాటి పావలా 2016లో దాదాపు 2 రూపాయల 80 పైసలు. అసలు ధరల పెరుగుదలలో 75 శాతాన్నే ఆ సూచీ పట్టించుకుంటుంది కాబట్టి వాస్తవంలో ఇంకా ఎక్కువే. మూడు రూపాయల నాణెం మనకు లేదు. విడిగా అమ్మే నిమ్మతొన రూపాయికి ఎగరాలి, లేదంటే రంగంలోంచి తప్పుకోవాలి. బ్రాండు బిస్కెట్ల వాళ్లకు ఈ ఇబ్బంది లేదు. పొట్లం ధర కదల్చకుండా లోపలి గ్రాములు తగ్గించుకుంటారు. సీసాలో నిమ్మతొనను ఎంతని చెక్కుతారు?

ఆ మధ్యకాలంలో ఒక తమాషా జరిగింది. చిల్లర కొరత వచ్చినప్పుడు కిరాణా అంగడివాళ్లు అర్ధ రూపాయికి బదులు చాక్లెట్టు చేతిలో పెట్టడం మొదలెట్టారు. ఒకప్పుడు నాణెం ఇచ్చి మిఠాయి కొనేవాళ్లం; ఇప్పుడు మిఠాయే నాణెమైంది. 50 పైసల నాణెం చట్టప్రకారం ఈ రోజుకీ చెల్లుతుంది. ఏదైనా అంగట్లో ఇచ్చి చూడండి, మిమ్మల్ని పైనుంచి కింది దాకా చూస్తారు.

పల్లెల్లో నాణెం లేకుండా కూడా ఈ బజారు నడిచేది. నెల్లూరు మొలగొలుకుల వడ్లకు పేరున్న సీమ. కోతల కాలంలో దోసెడు వడ్లు లాగు జేబులో పోసుకుని వెళితే బొరుగులో, పప్పుండలో చేతికొచ్చేవి. ఇంట్లో అడిగి తీసుకెళ్లేవాళ్లు ఎందరో, అడగకుండా తీసుకెళ్లేవాళ్లు ఎందరో చెప్పడం కష్టం. పాత ఇనప ముక్కలు, పగిలిన ప్లాస్టిక్ చెంబులు, దువ్వెనకు ఊడిన వెంట్రుకలు, అన్నిటికీ ఏదో ఒక మారకం రేటు ఉండేది. ఆ రేట్లు పిల్లలకే ఎక్కువ తెలుసు.

పాలైసు వెనక ఒక జాబితా

పుల్లైసు కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇందులో సాంకేతికం, చట్టం, సైకిలు మూడూ ఉన్నాయి.

ఐసు ఫ్యాక్టరీ అంటే పెద్ద యంత్రాంగం ఏమీ కాదు. ఒక తొట్టి నిండా ఉప్పునీళ్లు. మంచినీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయి గానీ బాగా ఉప్పు కలిపిన నీళ్లు అంతకన్నా పది, పదిహేను డిగ్రీలు కిందికి దిగినా గడ్డకట్టవు. అమ్మోనియా కంప్రెసర్‌తో ఆ నీళ్లను అలా చల్లబరిచి, రంగునీళ్లో, పాలనీళ్లో పోసిన రేకు అచ్చుల్ని అందులో దించుతారు. పుల్లలు నిలబెడతారు. గట్టిపడ్డాక అచ్చును ఒక్కసారి మామూలు నీళ్లలో ముంచి లాగితే ఐసు జారి చేతికొస్తుంది. మన తీరంలో చేపలకు ఐసు ఎటూ కావాలి కాబట్టి ఈ పని తెలిసినవాళ్లకు కొదవ లేదు. తయారైన పుల్లలు సైకిలు వెనక చెక్కపెట్టెలోకి వెళ్లేవి. పెట్టెలో కరెంటు లేదు, కాబట్టి కరిగేలోపు సైకిలు ఎంత దూరం పోగలదో అంతే ఆ ఫ్యాక్టరీ రాజ్యం. కావలి ఐసు కందుకూరు వాడికి తెలియకపోవడానికి కారణం అదే.

ఇంత చిన్న వ్యాపారం అన్నాళ్లు ఎలా నిలబడింది? ఫలానా వస్తువులు చిన్న పరిశ్రమలే తయారు చేయాలి, పెద్ద కంపెనీలు చేయకూడదని కేంద్రం 1967లో ఒక జాబితా పెట్టింది. అది పెరుగుతూ పోయి వందల వస్తువులైంది. ఐస్‌క్రీము, బిస్కెట్లు ఆ జాబితాలో 1997 దాకా ఉన్నాయి. పెద్ద కంపెనీలు చిన్న యూనిట్లతో ఒప్పందాలు చేసుకుని దొడ్డిదారిన వచ్చేవి గానీ నేరుగా దిగడానికి వీల్లేదు. 1997లో ఆ అడ్డు తీసేశారు. తర్వాత వచ్చిన మార్పు రుచిలో కన్నా ఫ్రీజర్‌లో ఎక్కువ కనబడింది. కంపెనీ తన పేరు రాసిన ఫ్రీజర్ పెట్టెను అంగట్లో పెడుతుంది. దానికి రోజంతా కరెంటు కావాలి, స్థలం కావాలి, బిల్లు కట్టే స్తోమత కావాలి. బడి పక్క బంకు అవ్వకు ఈ మూడూ లేవు. ఐసు బడి దగ్గర్నుంచి మెయిన్ రోడ్డు మీది పెద్ద అంగడికి వెళ్లిపోయింది. అక్కడికి పిల్లలు ఒంటరిగా వెళ్లరు.

అదే జాబితా చివరి ఇరవై వస్తువుల్ని 2015 ఏప్రిల్‌లో తీసేశారు. వాటిలో నోటు పుస్తకాలు, అగ్గిపెట్టెలు, గాజులు, అగరుబత్తీలు, పచ్చళ్లు ఉన్నాయి. మన చిన్నప్పుడు ఒక్కో ఊళ్లో ఒక్కో పేరుతో నోటు పుస్తకాలు ఎందుకుండేవో, అగ్గిపెట్టెల మీద లేబుళ్లు అన్ని రకాలు ఎందుకుండేవో, వాటిని పోగేసి ఆటలాడుకునేంత వైవిధ్యం ఎక్కణ్నుంచి వచ్చిందో ఈ జాబితా చూస్తే తెలుస్తుంది. అప్పటి రంగురంగుల లోకంలో సగం పారిశ్రామిక విధానం పుణ్యం. ఆ విధానం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఆర్థికవేత్తలు చాలామంది దాన్ని తిట్టారు, తిట్టడానికి కారణాలూ ఉన్నాయి.

అప్పటి సరుకు అంతా అమృతం అని కూడా అనుకోనక్కర్లేదు. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం పీచు మిఠాయి అమ్మకాన్ని నిషేధించింది. నమూనాల్లో రోడమిన్-బి దొరికింది. అది బట్టలకు, కాగితాలకు వేసే రంగు. మనం నాలుక బయటపెట్టి ఎవరిది ఎంత ఎర్రగా ఉందో పోటీ పడిన ఆ గులాబీ రంగు ఏమిటో అప్పట్లో ఎవరూ పరీక్ష చేయించి చూడలేదు.

అమ్ముడుపోయిన పేర్లు

కొన్ని పేర్లు పోవడానికి కారణం ఇంకా సూటిగా ఉంటుంది. కోకా-కోలా 1977లో దేశం వదిలి వెళ్లింది. ఆ ఖాళీలో పార్లే వాళ్ల థమ్స్ అప్, లిమ్కా, గోల్డ్ స్పాట్ రాజ్యమేలాయి. 1993లో కోకా-కోలా తిరిగొచ్చి ఆ మూడు పేర్లనూ కొనేసింది. నారింజ రుచికి వాళ్ల దగ్గర అప్పటికే ఫాంటా ఉంది. ఒకే కంపెనీకి రెండు నారింజలు ఎందుకని గోల్డ్ స్పాట్‌ను పక్కన పెట్టారు. థమ్స్ అప్‌ను మాత్రం చంపలేకపోయారు, అంత అమ్ముడుపోయేది. మనం గోల్డ్ స్పాట్ తాగడం మానలేదు. వాళ్లే పోయడం మానేశారు.

మిఠాయిల్లోనూ అదే. 1952లో చిత్తూరులో పుట్టిన న్యూట్రిన్‌ను 2006లో గోద్రెజ్ కొన్నది. మద్రాసు ప్యారీస్ మిఠాయిల వ్యాపారం 2004లో కొరియా లొట్టే చేతికి వెళ్లింది. కొన్ని చాక్లెట్లు పాత పేరుతోనే కొత్త కాగితంలో వస్తున్నాయి, కొన్ని రావడం లేదు.

నెల్లూరుకు మద్రాసే కిటికీ

ప్రకాశం జిల్లా వాళ్ల చిన్ననాటి జాబితాకూ నెల్లూరు వాళ్ల జాబితాకూ కొంచెం తేడా కనిపిస్తుంది. ఒంగోలు వాళ్ల చూపు గుంటూరు, విజయవాడల వైపు. పెళ్లి బట్టలకో, పండగ బట్టలకో చిన్న ముంబై అని పేరున్న చీరాలకు వెళ్లేవాళ్లు. అప్పట్లో అది ప్రకాశం జిల్లాలోనే ఉండేది, 2022లో బాపట్లకు వెళ్లింది. నెల్లూరు వాళ్లకు అన్నీ మద్రాసే. రైలెక్కితే 175 కిలోమీటర్లు. సెంట్రల్ స్టేషన్‌లో దిగితే పక్కనే మూర్ మార్కెట్. బొమ్మలు, పాత పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, పక్షులు, అన్నీ ఒక్క ఎర్ర కట్టడం కిందే. 1985 మే 30న అది కాలిపోయింది. ఆ స్థలంలో ఇప్పుడు సబర్బన్ రైళ్ల స్టేషన్ ఉంది. విదేశీ సరుకు కావాలంటే బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజారు. సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు ఇళ్ల మీద పొడుగాటి యాంటెన్నాలు మద్రాసు దూరదర్శన్ వైపు తిరిగి ఉండేవి. అరవం రాకపోయినా శుక్రవారం పాటలు చూడటానికి భాష అడ్డమేమీ కాదు.

తెలుగు సినిమా కూడా మద్రాసులోనే తయారయ్యేది. ఆ సినిమా పిల్లల బజారులోకి ఎలా దిగేదో చెబుతాను.

ప్రింటు హాల్లో తిరిగి తిరిగి తెగితే ఆపరేటర్ దెబ్బతిన్న ముక్కను కత్తిరించి, మిగతా రెండు కొసలూ అతికించేవాడు. ఆ కత్తిరించిన ముక్కలు చేతులు మారి బంకుల్లోకి వచ్చేవి. రీలు ముక్కలు అని అడిగితే జానెడు జానెడు ఇచ్చేవాళ్లు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 బొమ్మలుంటాయి, తెర మీద సెకనుకు 24 కదులుతాయి. జానెడు ముక్కంటే పన్నెండు బొమ్మలు, అంటే అర సెకను సినిమా. హీరో అయితే ఒక రేటు, ఉట్టి చెట్లు, కొండలు అయితే ఎవరూ కొనరు. ఫైటింగు ముక్కకు గిరాకీ ఎక్కువ.

దాన్ని ఆడించడానికి ఫ్యూజు పోయిన బల్బు కావాలి. వెనక మూత జాగ్రత్తగా తీసి, లోపలి తీగ, గాజు పుల్ల విరగ్గొట్టి తీసేసి, నిండా నీళ్లు పోస్తే అది భూతద్దం అవుతుంది. ఒకడు ఎండలో అద్దం పట్టుకుని వెలుతుర్ని తలుపు సందులోంచి చీకటి గదిలోకి పంపాలి. లోపల ఒకడు ఆ వెలుతురికి రీలు ముక్కను తలకిందులుగా పట్టుకోవాలి, ఎందుకంటే బల్బు బొమ్మను తిరగేస్తుంది. దాని ముందు బల్బు. ఎదురుగా గోడకు నాన్న పంచె. బల్బును ముందుకీ వెనక్కీ జరుపుతుంటే మసక మసకగా ఉన్నది ఒక్కసారిగా మనిషి మొహంగా తేలుతుంది. బయట అద్దం పట్టుకున్నవాడికి ఏమీ కనబడదు కాబట్టి వాడు ఐదు నిమిషాలకోసారి అలుగుతాడు. టికెట్టుకు ఐదు పైసలు వసూలు చేసిన వీరులూ ఉన్నారు. కొన్నవాడే అమ్మినవాడు కూడా అవడం ఈ బజారు ప్రత్యేకత.

2010 తర్వాత కొద్ది ఏళ్లలో హాళ్లన్నీ డిజిటల్‌కు మారాయి. ప్రింటు లేదు, తెగేది లేదు, ముక్క లేదు. జాబితాలో నిజంగా, పూర్తిగా చచ్చిపోయినవాటిలో ఇదొకటి. ఎంత డబ్బు పెట్టినా కొత్త రీలు ముక్క దొరకదు.

క్యాసెట్ అంగడి కూడా అంతే. అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్, ఒక తెల్ల కాగితం మీద పాటల పట్టీ. పాట నాలుగున్నర నిమిషాలు అనుకుంటే పన్నెండు పాటలు పడతాయి. పదమూడోది రాసుకొచ్చినవాడికి అంగడాయన వివరంగా చెప్పేవాడు, ఒక్కో వైపు అరగంటేనని. ఒక వైపు చివర రెండు నిమిషాలు మిగిలితే తన ఇష్టం వచ్చిన బిట్టు ఎక్కించేవాడు. నాకు పరిచయమైన మంచి పాటలు కొన్ని అలా అడగకుండా వచ్చినవే. చట్టం ప్రకారం ఇదంతా కాపీరైటు ఉల్లంఘన. పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2000 తర్వాత ఒక్క సీడీలో నూట యాభై ఎంపీ3 పాటలు పట్టేసరికి పట్టీ రాయాల్సిన అవసరం పోయింది. ఏది వదులుకోవాలో తేల్చుకోవాల్సిన అవసరమూ దాంతోనే పోయింది.

ఎవరి చిన్నతనం ఇది?

పాత రోజుల కబుర్లలో గోలీలు, బొంగరాలు, సిగరెట్టు పెట్టెలు, క్రికెట్ బొమ్మల బబుల్‌గమ్ ఎక్కువగా వినిపిస్తాయి. ఇవన్నీ మగపిల్లల సరుకులు. ఆడపిల్లల బజారు వేరే దారిలో, చాలావరకు ఇంటి గుమ్మం దగ్గరే నడిచేది. గాజుల మలారం నెత్తిన పెట్టుకుని వచ్చే ఆవిడ, పూసలు, పిన్నీసులు, రిబ్బన్లు బుట్టలో తెచ్చే ఆవిడ. బడి నుంచి వస్తూ బంకు దగ్గర గంట నిలబడే స్వేచ్ఛ అక్కకు ఉండదు, తమ్ముడికి ఉంటుంది. అక్కకు సొంతంగా తిరిగి కొనుక్కునే అవకాశం తిరనాళ్లలోనే. బొట్టు బిళ్లల అట్ట, జడగంటలు, తిలకం సీసా ఎంచుకోవడానికి పట్టే ఆ అరగంట కోసం ఏడాదంతా ఎదురుచూసేవాళ్లని మా ఇంట్లో ఆడవాళ్లు చెబుతారు.

ఇంకో సంగతి. పావలా అందరి దగ్గరా ఉండేది కాదు. కూలికి పోయే ఇళ్ల పిల్లలకు బంకు అంటే చాలా రోజులు చూసి వెళ్లే చోటు. వాళ్లు ఇప్పుడు ఈ కబుర్లలో కూర్చుంటే నిమ్మతొన రుచి గురించి తక్కువ, సీసా గురించి ఎక్కువ చెబుతారు. అదీ జ్ఞాపకమే, కాకపోతే వాట్సాప్ ఫొటోల్లోకి ఎక్కదు.

మెదడు చేసే బేరం

మనకు ఆ వయసు వస్తువులే ఎందుకు అంత గట్టిగా గుర్తుంటాయి? జ్ఞాపకాల మీద పనిచేసే మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా ఒకటి గమనిస్తున్నారు. పెద్దవాళ్లను జీవితంలోని సంఘటనలు చెప్పమంటే పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్యవి మామూలు కన్నా ఎక్కువగా వస్తాయి. మొదటిసారి జరిగినవన్నీ ఆ ఏళ్లలోనే ఉంటాయి కాబట్టి కావచ్చు. హోల్‌బ్రుక్, షిండ్లర్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1989లో రకరకాల వయసుల వాళ్లకు పాత పాటలు వినిపించి మార్కులు వేయమన్నారు. ఎక్కువ మార్కులు పడ్డవి ఆ శ్రోతలకు సుమారు ఇరవై నాలుగేళ్ల వయసులో వచ్చిన పాటలు.

అంటే "ఆ రోజుల్లో పాటలు బాగుండేవి" అనే మాట పాటల గురించి ఎంత చెబుతుందో, మాట్లాడేవాడి పుట్టిన తేదీ గురించి అంతకన్నా ఎక్కువ చెబుతుంది. మన పెద్దవాళ్లకు రేడియో సిలోన్ పోయాక అంతా అయిపోయింది. మనకు క్యాసెట్ పోయాక అంతా అయిపోయింది. మా తర్వాతి వాళ్లు ఎస్సెమ్మెస్సుల గురించి, కాలర్ ట్యూన్ల గురించి కళ్లు చెమర్చుకోవడం ఇప్పటికే మొదలైంది. వింటుంటే నవ్వొస్తుంది. మా అమ్మానాన్నలకూ మా గోల్డ్ స్పాట్ కబుర్లు అలాగే వినిపించి ఉంటాయి.

అయితే ఇది మొత్తం మెదడు మాయేనని కొట్టిపారేయడానికీ నేను ఒప్పుకోను. కొన్ని నిజంగానే మారాయి. ఎవరు కొంటున్నారు అన్నది మారింది.

కొనేవాడు మారాడు

ఒకప్పుడు పిల్లలు బడికి నడిచి వెళ్లేవాళ్లు, కాబట్టి బంకు దారిలో ఉండేది. ఇప్పుడు ఆటోలోనో, బడి బస్సులోనో ఇంటి గుమ్మంలో ఎక్కి బడి లోపల దిగుతున్నారు. బడిలో, బడి గేటుకు 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు అమ్మకూడదని 2020లో ఆహార భద్రత సంస్థ నిబంధన తెచ్చింది. పిల్లల పళ్లకూ పొట్టకూ మంచిదే. అది పాత బంకులోని తీపి సరుకు దాదాపు మొత్తానికీ వర్తిస్తుంది.

వీటన్నిటికన్నా పెద్ద మార్పు డబ్బు రూపంలో వచ్చింది. యూపీఐ 2016లో మొదలైంది. ఇవాళ నెల్లూరు ట్రంక్ రోడ్డులో జామకాయలు అమ్మే బండి మీద కూడా క్యూఆర్ అట్ట ఉంటుంది. పెద్దవాళ్లకు హాయి. కానీ ఇంట్లో చిల్లర డబ్బా ఖాళీ అయింది. మామయ్య వచ్చి వెళ్తూ చేతిలో పెట్టే రూపాయి బిళ్ల లేదు. అమ్మ ఫోనుకు ఐదు వందలు కొడుతున్నాడు. పిల్లవాడికి ఏదైనా కావాలంటే అమ్మను అడగాలి, అమ్మ ఫోను తీయాలి, ఆ కొనుగోలు అమ్మ ఖాతాలో పేరుతో సహా నమోదవుతుంది. ఆరేళ్ల వినియోగదారుడు కాస్తా ఆరేళ్ల దరఖాస్తుదారుడయ్యాడు. కంపెనీలకూ ఇది తెలుసు. అందుకే ప్రకటనలు అమ్మతో మాట్లాడతాయి: పాలలో బలం, బిస్కెట్‌లో పీచు, చాక్లెట్‌లో కాల్షియం. నిమ్మతొన ఏ అమ్మనూ ఒప్పించాల్సిన అవసరం రాలేదు.

పాత పద్ధతి ఇంకా బతికున్న చోట్లు కొన్ని ఉన్నాయి. మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండగకు వెళ్లండి. పెంచలకోన, జొన్నవాడ ఉత్సవాలకు వెళ్లండి. ప్రకాశం వైపు కరెంటు ప్రభలు కట్టే తిరనాళ్లకు వెళ్లండి. రేకు పడవ, బూరలు, జీళ్లు, గాజుల వరసలు ఇప్పటికీ కనబడతాయి. అమ్మేవాళ్లు ఒక తిరనాళ్ల నుంచి ఇంకో తిరనాళ్లకు క్యాలెండరు చూసుకుని తిరుగుతుంటారు. బొమ్మలు మాత్రం చాలావరకు చైనా పోలిక. 2001 ఏప్రిల్‌తో దిగుమతుల మీద పరిమాణ ఆంక్షలు దాదాపుగా ఎత్తేశాక వచ్చిన వరద అది. 2021 జనవరి నుంచి బొమ్మలకు బీఐఎస్ నాణ్యత ముద్ర తప్పనిసరి చేశాక కొంత తగ్గింది.

గోలీసోడాది ఇంకో దారి. ఆ సీసా హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన 1872లో పేటెంటు తీసుకున్న ఉపాయం. లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి రబ్బరు ఉంగరానికి అదిమి మూతగా నిలబెడుతుంది. ప్లాస్టిక్ సీసాలొచ్చాక దాదాపు కనుమరుగైంది. ఇప్పుడు రకరకాల రుచులతో, మెరిసే లేబుళ్లతో తిరిగొచ్చింది. గోలీ పాప్ సోడా అనే పేరుతో ఎగుమతి అవుతోందని 2025లో వాణిజ్య మంత్రిత్వ శాఖే ప్రకటించింది. గల్ఫ్‌లో సూపర్ మార్కెట్లో గోలీ కొట్టి తాగుతున్నది ఎక్కువగా మన వయసు వాళ్లే అయ్యుంటారు.

ఆన్‌లైన్‌లో దొరికే "తొంభైల మిఠాయి పెట్టె" సంగతీ అంతే. ఐదు పైసల సరుకులు పది రకాలు ఒక అట్టపెట్టెలో సర్ది వందల రూపాయలకు అమ్ముతున్నారు. తెప్పించేది నాన్న, తెరిచేది నాన్న, ఒక్కోటి నోట్లో వేసుకుని కళ్లు మూసుకునేది కూడా నాన్నే. పక్కన కూర్చున్న పిల్లవాడు ఒకటి కొరికి, కాగితంలో ఉమ్మి, ఫోన్ అడుగుతాడు. వాడి తప్పేమీ లేదు. చిన్నప్పుడు పదే పదే నోట్లో పడిన రుచే తర్వాత బాగున్నట్టు తోస్తుంది. వాడికి ఇది కేవలం సిట్రిక్ యాసిడ్ ఎక్కువైన చక్కెర.

వాడికి సొంత బజారు అసలే లేదని కూడా చెప్పలేం. ఫోన్‌లో ఆట ఆడే పిల్లలకు డైమండ్లు, స్కిన్లు అనే వేషాలు, తుపాకీ రంగులు ఉన్నాయి. వాటి రేట్లు, మారకాలు, ఏది అరుదు, ఏది డబ్బు దండగ అన్నది ఇంట్లో పెద్దవాళ్లకు ముక్క అర్థం కాదు. అచ్చం మన రీలు ముక్కల బేరంలాగే. 2020 సెప్టెంబరులో పబ్‌జీని, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను కేంద్రం నిషేధించినప్పుడు, రీచార్జీ డబ్బులు కూడబెట్టి కొనుక్కున్న స్కిన్ల కోసం మా వీధి కుర్రాళ్లు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. పెద్దవాళ్లం నవ్వుకున్నాం. వాళ్లకు నలభై వచ్చేసరికి ఆ కబుర్లు తప్పకుండా బయటికి వస్తాయి. అప్పటి వ్యాపారులకు మాత్రం ఒక చిక్కుంది: సర్వర్ ఆపేసిన ఆటలోని తుపాకీ రంగును ఏ అట్టపెట్టెలో సర్ది అమ్ముతారు?